వంగకుండా నడిచి వచ్చే తలుపు

బుడ్డమ్మా, పోయిన నెల ఒక మంగళవారం పొద్దున నువ్వు వెళ్ళిపోయావు. హాస్పిటల్ కిటికీ అవతల వాన పడుతూనే ఉంది. నర్సు నీ చెయ్యి నా చేతిలోంచి తీయబోతే, "ఇంకా వెచ్చగా ఉందమ్మా, కాసేపు ఉండనీ" అని తెలుగులోనే అన్నాను. ఆవిడకి ఏం అర్థమైందో, ఊరుకుంది.

చదివేవాళ్ళకి చెప్పాలి. బుడ్డమ్మ మా అమ్మాయి. ఒక్కతే. ఇక్కడే, ఈ పరాయి దేశంలోనే, బాతెల్ అనే ఊళ్ళో పుట్టి పెరిగింది. కడుపులో క్యాన్సర్ వచ్చి పోయింది. నేను ఐదో క్లాసుతో ఆపేసినదాన్ని. మా తెలుగువాళ్ళ పత్రిక పని చూసే అమ్మాయి "మాట్లాడినట్టే రాయండి ఆంటీ, తప్పులు మేం దిద్దుకుంటాం" అంది. అందుకని రాస్తున్నాను.

మా అమ్మాయి ఇళ్ళ ప్లాన్లు గీసే చదువు చదివింది. కొన్నాళ్ళు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంది. తర్వాత అది మానేసి ఒక జపాన్ వడ్రంగి పెద్దాయన దగ్గర చేరింది. మేకులు కొట్టకుండా చెక్కకి చెక్క బిగించి కట్టే పని ఆయనది. అలా నేర్చుకుంటూ నేర్చుకుంటూ ఒకరోజు మా గరాజ్ కొలతలు తీసింది. అందులో టీ గది కడుతుందట. వాళ్ళ దేశంలో టీ తాగడానికే విడిగా చిన్న గది ఉంటుంది. కింద మందంగా గడ్డి చాపలు పరుస్తారు, తతామి అంటారు వాటిని. గోడలకి మట్టి, కిటికీలకి కాగితం.

"చాప చుట్టి మూల పెట్టుకుంటారు గానీ, చాప కోసం ఇల్లు కడతారటే?" అన్నారు మా ఆయన. "కారు వానలో, చాప ఇంట్లో. బాగుంది వరస!"

"కార్‌కి రెయిన్ ఓకే నాన్నా. చాపకి నాట్ ఓకే."

ఒక పెద్ద టబ్బులో మట్టి, తరిగిన గడ్డి, నీళ్ళు కలిపి వారాల తరబడి ఉంచింది. పెరడంతా కంపు.

"ఏమిటే ఈ వాసన? పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలుస్తారు."

"దోసెల పిండి పులిసిందా లేదా అని నువ్వు స్మెల్ చేస్తావు కదా? సేమ్ థింగ్ అమ్మా. పులిస్తేనే గోడకి పడుతుంది."

ఆ మట్టి మెత్తాక అరచేత్తో గోడంతా నిమిరి చూసుకునేది. కనపడని మూలలు కూడా. ఎవరు చూడొచ్చారే అంటే, "అక్కడ కూర్చున్నవాళ్ళ చెయ్యి తగులుతుంది కదా" అనేది.

గదికి రెండు తలుపులు పెట్టింది. ఒకటి వచ్చే అతిథులకి. నడుం ఎత్తు కూడా ఉండదు. ఎంతటివాడైనా తల వంచి మోకాళ్ళ మీద పాకి రావాలట. రెండోది వెనకవైపు, వడ్డించేవాళ్ళు వచ్చేది. నా మోకాళ్ళు అరిగిపోయాయి, పాకలేను. ఉప్మా పళ్ళెం పట్టుకుని వెనక తలుపులోంచే దూరేదాన్ని.

"అమ్మా, రాంగ్ డోర్! అది సర్వ్ చేసేవాళ్ళది."

"మరి నేను చేసేది అదేగా" అనేదాన్ని నవ్వుతూ. అది నవ్వేది కాదు.

గది కొలతలు పంపి చాపలు జపాన్‌లో చేయించింది. అవి ఓడలో రావాలి. వాటి కోసం చూస్తూ ఉండగానే డాక్టరు క్యాన్సర్ మాట చెప్పాడు. అప్పుడు నన్ను ఒకటే అడిగింది.

"చాపలు వచ్చాక ఒక్కసారి నువ్వు గెస్ట్‌గా రావాలి. నేను వండుతా. నువ్వు లేవకూడదు. నువ్వు అందరికంటే ముందు తినడం నేను ఒక్కసారి కూడా చూడలేదు."

నిజమే. ఇంట్లో అందరూ తిన్నాకే నేను కూర్చుంటాను. లేకపోతే ముద్ద దిగదు. సరే అన్నాను. ఆ చలికాలమంతా నాకు ఒకటే దిగులు, చాపలు వచ్చేదాకా పిల్ల ఉంటుందా అని.

కీమో చేయించుకుని ఇంటికొచ్చిన వారమే, ఉన్నిటోపీ పెట్టుకుని తను మెత్తిన గోడనే కోస్తూ కనిపించింది. పెద్దాయన పక్కన నిలబడి, కోసిన ముక్క పడిపోకుండా పట్టుకున్నాడు. ఆయన ఇంగ్లీషు నాకు తేలిగ్గా అర్థమవుతుంది, నాలాగే ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు. గోడ పాడైందా అని అడిగాను. లేదన్నాడు. పాతకాలంలో ప్రభువులు వస్తే పాకమనరట. నిలబడి నడిచి రావడానికి వాళ్ళకి ఎత్తు తలుపు విడిగా ఉండేదట.

"ఏ ప్రభువు వస్తున్నాడు అని మీ అమ్మాయిని అడిగాను," అన్నాడు ఆయన. "'మా అమ్మ. మోకాళ్ళు వంగవు' అంది."

పొయ్యి మీద పాలు పెట్టానని చెప్పి లోపలికి వచ్చేశాను. పాలేమీ పెట్టలేదు.

చాపలు వచ్చాయి. పెద్దాయన వచ్చి పరిచి వెళ్ళాడు. ఆదివారం మధ్యాహ్నం నన్ను పిలిచింది. ఎందుకో పట్టుచీర కట్టుకున్నాను. గోడ కోసి పెట్టిన కొత్త కాగితపు తలుపు జరిపి, వంగకుండా నడిచి వెళ్ళి, మా అమ్మాయి వేసి ఉంచిన పీట మీద కూర్చున్నాను. తను వెనక తలుపులోంచి వచ్చింది. ఒక చేత్తో గిన్నె, ఇంకో చేత్తో గోడ పట్టుకుని నడుస్తోంది. లేవబోయాను.

"అమ్మా. సిట్."

కూర్చున్నాను.

కొంచెం అన్నం, పప్పుచారు, దోసావకాయ. చారులో ఉప్పు తక్కువైంది. దాని నోటికి రుచి తెలియడం మానేసి చాలా రోజులైంది.

"నువ్వూ రెండు మెతుకులు తినవే" అన్నాను.

"పెట్టేవాళ్ళు కలిసి తినరమ్మా. రూల్."

రూల్ నిజంగానే ఉందట, పెద్దాయన తర్వాత చెప్పాడు. కానీ అప్పటికి దాని కడుపులో మంచినీళ్ళు కూడా నిలవడం లేదు. ఆ సంగతి నాకూ తెలుసు, దానికీ తెలుసు.

"గిన్నెలో ఏం మిగల్చకూడదు. అదీ రూలే" అంది.

కళ్ళనీళ్ళు చారులో పడుతున్నా మొత్తం తిన్నాను. ఇంకొంచెం వెయ్యనా అంది. వెయ్యమన్నాను. అప్పుడు నవ్వింది చూడండి, ఆ నవ్వు మళ్ళీ చూడలేదు.

అది పోయాక ఇక్కడి తెలుగువాళ్ళందరూ డబ్బాల్లో వంటలు తెచ్చిపెట్టారు. నాకు ఏదీ సహించలేదు. ఇప్పుడు మా ఆయన అన్నం కలిపి ఆ గదిలోకే తెచ్చి, ఎదురుగా కూర్చుంటున్నారు. నేను తినేదాకా ఆయన ముట్టరు. తింటున్నాను.

కొత్త చాపలు పచ్చగా ఉంటాయి. ఎండ తగిలేకొద్దీ గోధుమరంగుకి వస్తాయట. వానలు తగ్గి ఈ మధ్య నాలుగు రోజులు ఎండ కాసింది. కిటికీ కింద చాప ఒక పక్క అప్పుడే రంగు తిరిగింది. ఈ రంగు అది చూడలేదు.

ఇంతే రాయగలిగాను. మీరు వేళకి కడుపునిండా తినండి.