పందిరి అడిగిన అత్త

మా మేనత్త పోయింది. మొన్న పొద్దున వాకిట్లో మొహం కడుక్కుంటూ అక్కడే కూలబడిందట. నాన్న పరుగెత్తుకొచ్చేసరికే ప్రాణం లేదు. కబురు తెచ్చిన మనిషి ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, "మీ అత్త ఇంక మాట్లాడదమ్మా" అన్నాడు. అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేరనిపించింది. మా ఊళ్లో ఆమె గొంతు వినపడని రోజు లేదు. ఆ గొంతుకు ఎవరో ఒకరు నొచ్చుకోని రోజూ లేదు.

మాది దమ్మపేట దాటాక అడవి అంచున ఉన్న ఊరు. వాగుకు ఇవతల తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వలస వచ్చిన మా బోటి రైతులం, అవతల కోయగూడెం. మా పొలాల్లో నాట్లకైనా కోతలకైనా గూడెం వాళ్లే రావాలి. అత్త చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి తిరిగొచ్చింది. నేను పసిపిల్లగా ఉండగా మా అమ్మ పోతే నన్ను పెంచింది ఆమే. ఎవరింటికి వెళ్లినా, కూలీలకు విడిగా పెట్టిన సత్తుగ్లాసు చూసిందంటే, "దాంట్లనే నాక్కూడ పొయ్యి" అనేది. ఇంటివాళ్ల మొహాలు మాడిపోయేవి. ఆమె మాత్రం నింపాదిగా తాగి, గ్లాసు బోర్లించి వచ్చేది.

అప్పట్లో నా పెళ్లి శ్రావణంలో పెట్టుకున్నారు. సంబంధం ఎర్రుపాలెం వైపుది, కలిగినవాళ్లు. పందిరి వేశారు, మైకు సెట్టు కిరాయికి తెచ్చారు. బియ్యం బస్తాలు, చక్కెర మూటలు, వంట గుండిగలు ఇంట్లోకి చేరాయి. అంతలో ముసురు పట్టి వాగు ఎర్రగా పొంగింది. గూడెంలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. పొద్దున తిరుగుతున్న మనిషి సాయంత్రానికి లేకుండా పోతున్నాడు. తర్వాత మా వీధిలోనూ ఒకరిద్దరు మంచం పట్టారు.

ఊరి పెద్దలు మా పందిట్లోనే కూర్చున్నారు. అందరిలోకి పెద్దాయన తేల్చి చెప్పాడు: "గూడెపోళ్లను వాగు దాటనియ్యొద్దు. బోరింగు కాడికి రానిస్తే ఊరంతా అంటుకుంటది."

ఆ బోరింగు మా దొడ్లో ఉంది. అత్త గడపలోంచి బయటికి వచ్చింది.

"వాగు నీళ్లు తాగే గదా వాళ్లకు రోగమొచ్చింది మామా. మళ్ల ఆ నీళ్లే తాగుమంటే ఎట్ల బతుకుతరు?"

"ఇది మగోళ్లు మాట్లాడుకునే ముచ్చట. నువ్వు లోపలికి పో."

"పోను. బోరింగుకు తాళమేస్తే ఊరందరికీ ఏస్త. తెరిస్తే అందరికీ తెరుస్త. ఏది కావాల్నో చెప్పుండ్రి."

పెద్దలు కండువాలు దులుపుకుని లేచిపోయారు; బోరింగు అందరికీ తెరిచే ఉంది. మా నాన్న నెమ్మదస్తుడు, తల దించుకుని కూర్చున్నాడు. అత్త లోపలికి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"పిల్లా, నీ పందిరి కావాలె. నీ పెళ్లి బియ్యం, చక్కెర గూడ కావాలె. జనం ఒక్క కాడ చేరితే రోగం ఇంకా పాకుతది, పెళ్లి ఆపుదాం. ఆ సంబంధం ఉంటదో పోతదో నేను చెప్పలేను. ఇస్తవా?"

"నీ ఇష్టం అత్తా."

"నా ఇష్టం కాదు. పందిరి నీది. నోరు తెరిచి చెప్పు."

బయట ఎవరిదో పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది. "ఇస్త" అన్నాను. ఆమె నా తల మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది. పని ఉంది మరి.

ట్రాక్టరు పంపి దవాఖానా నుంచి డాక్టరును, నర్సమ్మను పిలిపించింది. పందిట్లో మంచాలు వేశారు. మామిడాకు తోరణాల మధ్య, పందిరి గుంజలకు సెలైన్ సీసాలు వేలాడాయి. గుండిగలలో నీళ్లు కాగాయి. లడ్డూల కోసం తెచ్చిన చక్కెర ఉప్పునీళ్లలో కలిసి ఇంటింటికీ వెళ్లింది. కూలి లేక పొయ్యి వెలగని ఇళ్లకు, వాగుకు ఇవతలైనా అవతలైనా, పెళ్లి బియ్యం చేరాయి. ఊళ్లోంచి ఎవరూ బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. సంతకు పోతామన్న వాళ్లను అత్త దారికి అడ్డం నిలబడి వెనక్కి పంపింది. అందులో మా బంధువులూ ఉన్నారు.

పొద్దున, సాయంత్రం మైకులో ఆమె గొంతు మోగేది. "వాగు నీళ్లు ముట్టకుండ్రి. కాగబెట్టి తాగుండ్రి. భయమైతుందా? కానియ్యి. భయపడుకుంటనే నీళ్లు కాగబెట్టు!" ఆ తర్వాత గూడెం నుంచి ఒక కోయ ఆడమనిషిని పిలిచి, అదే మాట కోయలో చెప్పమని మైకు చేతికిచ్చేది. అంతవరకు మా ఊరి మైకులో కోయ మాట ఎన్నడూ వినపడలేదు. మొదటిసారి ఆ గొంతు వాగు దాటి వెళ్తుంటే, పందిట్లో మూలుగుతున్న ఒక ముసలామె లేచి కూర్చుంది.

ఆ ముసలామె బతకలేదు. నా పెళ్లి పందిట్లోనే పోయింది. అత్త స్వయంగా ఆమె మొహం కడిగి, జుట్టు దువ్వింది.

ఈ సంగతి ఎర్రుపాలెం చేరింది. పెళ్లికొడుకు తండ్రి జీపులో వచ్చి ఊరి బయట కల్వర్టు దగ్గర దిగాడు. ఇవతల అత్త, ఆమె వెనుక నేను.

"అక్కడనే ఉండుండ్రి బావగారూ! ఈ పక్కకు రావొద్దు."

"పెళ్లి పందిట్లో శవం లేచిందంట, నిజమేనా?"

"నిజమే. బతికి లేచినోళ్లు గూడ ఉన్నరు. వాళ్ల సంగతి చెప్పలేదా మీకు?"

"శుభమా అని వేసిన పందిరండీ అది! ఆ పిల్లను మా ఇంటికెలా తెచ్చుకోమంటారు?"

అత్త ఏదో అనబోయింది. నేను ముందుకు వచ్చాను. "పందిరి నేనే ఇచ్చానండీ. మళ్లీ అడిగినా ఇస్తాను."

ఆయన జీపెక్కి వెళ్లిపోయాడు. సంబంధం అక్కడితో తెగింది. తిరిగి ఇంటి ముందుకు వచ్చాక అత్త, "నీ గొంతు గూడ బాగనే ఉంది పిల్లా" అంది.

వినాయక చవితి నాటికి రోగం తగ్గింది. మంచాలు ఖాళీ అయ్యాయి. పెద్దాయన మాత్రం అత్త చేసింది తప్పేనని చివరిదాకా అంటూనే ఉన్నాడు. ఆమె ఆయన్ను ఒప్పించే ప్రయత్నమే చేయలేదు. ఎదురుపడితే, "బాగున్నవా మామా, నీళ్లు కాగబెట్టుకుంటున్నవా?" అని అడిగి వెళ్లిపోయేది.

మరుసటి ఏడు మాఘంలో నా పెళ్లయింది. కూసుమంచి వైపు వాళ్లు, జరిగిందంతా విని, ఈ పిల్లే కావాలని వచ్చారు. పెళ్లిలో గూడెం ఆడవాళ్లు ఎప్పటిలాగే దూరంగా, పాక చూరు కింద నిలబడ్డారు. భర్త లేని మనిషి గనక మా అత్త కూడా వెనకే ఉండాలని బంధువులు ముందే గుసగుసలాడారు. నాకు కోపంతో కళ్లు మండాయి. ఇంతలో పంతులుగారు అక్షింతల పళ్లెం చూపించి, "ముత్తయిదువలు ముందుకు రావాలమ్మా" అని పిలిచారు.

వెనక కదలిక వినిపించింది. తలెత్తి చూశాను. అత్త కొంగు నడుముకు దోపుకుని, ఒక చేత్తో మైకులో మాట్లాడిన ఆ కోయ ఆడమనిషి చెయ్యి పట్టుకుని, మనుషుల మధ్య నుంచి నడిచి వస్తోంది. ఆమె వెనకాల గూడెం ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు. పంతులుగారు మా నాన్న వైపు చూశారు. ఎన్నడూ ఎవరికీ ఎదురు చెప్పని నాన్న, పళ్లెం తీసుకుని వెళ్లి తన అక్క ముందు పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె గుప్పిట నిండా అక్షింతలు తీసుకుంది.