కొర్రమీను ఊపిరి తీసుకునే చోటు

మా ఊరికీ కోవిల్‌పట్టి రోడ్డుకీ మధ్య పాత రాతిక్వారీ గుంట ఒకటుంది. రాయి కొట్టడం ఎప్పుడు ఆపేశారో నాకు తెలియదు, నేను పుట్టేసరికే అందులో నీళ్ళున్నాయి. దీపావళి వచ్చే ఐప్పసి నెల వానలు పడ్డాక మా చెరువు నీళ్ళు నల్లరేగడి కలిసి నెలరోజులైనా టీ రంగులోనే ఉంటాయి. ఆ గుంట మాత్రం పదిరోజులకే తేరుకుంటుంది. అడుగున రాయి మీద ఉలి గీతలు కూడా కనిపిస్తాయి. వానలైన కొత్తలో ఆ తేటనీళ్ళలో కొర్రమీను పట్టడం మా ఊళ్ళో ఒక్క మా తాతకే తెలుసు. మేం దాన్ని విరాలు అంటాం.

తాత ఎవరినీ వెంట తీసుకుపోడు. పోయినేడు మోకాలు పట్టేసి, రాళ్ళ మీద దిగడానికి ఒక చెయ్యి కావలసివచ్చి నన్ను పిలిచాడు.

"ఈడ చూసిందాన్ని ఆడ పోయి ఊదితివంటే ఇంక నిన్ను పిలిచేది లే. సరియా?"

"నేనేమి రేడియోనా తాతా?"

"రేడియోకి ఆపేదానికి బటనుండాది. నీకు యాడుండాది?"

నిజమే, నా నోట్లో నువ్వుగింజ నానదు. అయినా ఒట్టేశాను.

గుంట దగ్గర మేకలు కాసే ముసలాయన ఉన్నాడు. తాతా ఆయనా చిన్నప్పటినుంచీ జతగాళ్ళు. తాత చేప పడితే తల ముక్క ఆయనకే. నన్ను చూసి నవ్వాడు.

"ఏమప్పా, మనవరాలిని పిల్చుకొచ్చినావా? పోయింది పో. దీని గొంతు వింటే విరాలు విరుదునగరందాకా పారిపోతాది."

తేటనీళ్ళలో మనం చేపను చూసే ముందే చేప మనల్ని చూస్తుంది. అందుకని పడమటి పక్కన, ఎండ మొహానికి కొట్టేటట్టు కూర్చోవాలి. అప్పుడు నీడ వెనక్కి పడుతుంది. చెప్పులు దూరంగా విప్పాలి. తాత ఆ పక్కకి తెల్ల పంచె కట్టుకుని రాడు, మట్టిరంగు దుప్పటి కప్పుకుంటాడు. చలిపొద్దు పోయి ఎండ ఎక్కి, నీళ్ళలో మునిగిన పలకరాయి వెచ్చబడ్డాక విరాలు ఆ రాయి మీదికి వస్తుంది. ఎంతసేపు కింద దాక్కున్నా అది ఒక గుక్క గాలి కోసం పైకి రాక తప్పదు. 'గుబుక్' అని చిన్న చప్పుడు, ఒక సున్నా లాంటి అల, అంతే. ఆ అలకు మూరెడు ముందు చిన్న కప్పను కట్టిన గాలం వెయ్యాలి. నీళ్ళ మీద దాన్ని మెల్లగా గెంతించాలి.

ఇంకో సులువైన దారి కూడా ఉంది. ఎర్రటి చేపపిల్లలు గుంపుగా తేలుతుంటే ఆ కిందే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. అక్కడ ఏం పడినా కోపంతో కొడతాయి. తాత అక్కడ మాత్రం గాలం వెయ్యడు. ఎందుకని అడిగితే, "బిడ్డలు ఉండాయి గదా" అన్నాడు, అదేదో అడగాల్సిన ప్రశ్నే కాదన్నట్టు.

ఆ రోజు నేనూ ఒకటి పట్టాను. మోచెయ్యంత ఉంది. అరవకుండా ఉండడానికి పైట నోట్లో కుక్కుకున్నాను. మేకలాయన గట్టు మీద కూర్చుని చప్పుడు లేకుండా చప్పట్లు కొట్టాడు.

నేను పదో తరగతితో చదువు ఆపేసి కోవిల్‌పట్టిలో వేరుశెనగల కడలమిఠాయి చేసే చోట పనికి పోతున్నాను. మిఠాయి ముక్కలు కాగితంలో చుట్టడం నా పని. నా పక్కన కూర్చునే పిల్లది కూడా తెలుగింటిదే. సూపర్‌వైజరుకు అర్థం కాకుండా మేమిద్దరం తెలుగులో మాట్లాడుకుంటాం. తన మరిది విరాలు కొనుక్కొచ్చాడనీ, అది ఇంతుందనీ రెండు రోజులు అదే కథ చెప్పింది.

"కొనేది ఒక పెద్ద పనా? నేనే పట్టితిని," అన్నాను.

"పొయ్యిలో పెట్టు నీ కథ! గాలం యాడ పట్టుకోవాలనైనా తెలుసునా అక్కా నీకు?"

నాకు రోషం వచ్చింది. గుంట ఎక్కడుందో, పలకరాయి ఏ పక్కనుందో, గుబుక్ చప్పుడు ఎప్పుడొస్తుందో, ఎర్రపిల్లల గుంపు ఏ మూల తేలుతుందో, అంతా చెప్పేశాను. చెబుతూ చెబుతూ మామూలుకన్నా ఎక్కువ మిఠాయిలు చుట్టాను కూడా. ఒట్టు సంగతి ఇంటికొచ్చాకే గుర్తొచ్చింది. ఆ పిల్ల ఎవరికి చెబుతుందిలే అనుకున్నాను.

ఆదివారం పొద్దున తాతా నేనూ పోతుంటే దూరంగా దబ్ మని వినిపించింది. క్వారీలో పని మళ్ళీ మొదలుపెట్టారేమో అన్నాడు తాత. మేం చేరేసరికి మూడు మోటారుబళ్ళు దుమ్ము లేపుకుంటూ రోడ్డెక్కుతున్నాయి. సంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. గట్టు మీద పేలుడుమందు వాసన. ఆ పిల్ల మరిది టపాకాయల పనికి పోయేవాడని నాకప్పుడు తట్టింది.

నీళ్ళు అప్పుడూ తేటగానే ఉన్నాయి. అందుకే అన్నీ కనిపించాయి. వాళ్ళు ఏరుకోగా వదిలేసిన చిన్నచేపలు తెల్లటి పొట్టలతో తేలుతున్నాయి. పలకరాయి పక్కన ఎర్రపిల్లలు, సంతలో మిరపగింజలు ఒలికినట్టు, కదలకుండా.

తాత గాలం కింద పెట్టాడు. "ఎవురు చెప్పిరి వీళ్ళకి?" అన్నాడు. నన్ను అడగలేదు, ఊరికే అన్నాడు. నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది.

"మేకలాయన తప్ప ఈ పక్కకి వచ్చేదెవురు తాతా?" అన్నాను.

మరుసటి రోజు పొద్దున నేను టీకొట్టు దగ్గర పని వ్యాను కోసం నిలబడ్డాను. మేకలాయన బల్ల మీద టీ తాగుతున్నాడు. తాత నేరుగా పోయి ఆయన ముందు నిలబడ్డాడు.

"ఎంత టీ పోసిరి రా నీకు, నా గుంట చూపించేదానికి?"

బల్ల మీద ఉన్న ఏడెనిమిది మంది ఇటు తిరిగారు.

"నేనా?" అన్నాడాయన. "నేను... ఎవురికి..." గ్లాసులో సగం టీ ఉంది. దాన్ని అలాగే పెట్టేసి, కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. వ్యాను వచ్చింది. నేను ఎక్కాను.

ఆ రోజు మధ్యాహ్నం ఆ పిల్ల డబ్బాలో వేయించిన చేప ముక్క పెట్టి నా ముందుకు తోసింది. "నీ పంగు అక్కా, మా మరిది ఇయ్యమనె." గుంట సంగతి చెప్పినందుకు నా వాటా అన్నమాట. నేను తిన్నాను. రుచిగా ఉంది. ఈ ఒక్కటీ ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

తర్వాత తాత గుంటకు పోలేదు. మేకలాయన మేకల్ని గుంట పక్కకు తోలడం మానేసి పెద్దరోడ్డు అంచున, లారీలు పోయేచోట మేపుతున్నాడు. వ్యానులోంచి రోజూ చూసేదాన్ని. తొమ్మిదో రోజో పదో రోజో ఆపమని దిగేశాను.

"రా పాపా," అన్నాడు. "తాత మోకాలు ఎట్లుండాది? ఇంకా కోపంగానే ఉండాడా?" నేను ఏదో అనబోతుండగానే ఆయనే మొదలుపెట్టాడు. "దినమూ యోచన చేస్తా ఉండా, ఎవురికి చెప్పితినా అని. ఎట్టయపురం సంతలో ఒకనాడు కొంజం తాగింటిని. ఆ పొద్దు చెప్పితినేమో. గుర్తు రాలేదు పాపా. తాత అబద్ధం చెప్పడు గదా."

ఆయన తాతను నమ్మి తనను తాను అనుమానించుకుంటున్నాడు.

"నువ్వు చెప్పలేదు. నేనే చెప్పితిని. నీ మీదికి తోసింది కూడా నేనే."

ఆయన రోడ్డెక్కబోయిన మేకను కర్రతో ఇవతలికి తోలాడు. తిడతాడనుకున్నాను. "అయితే నాకు మతి బాగానే ఉండాది," అన్నాడు. ఊపిరి వదిలాడు. నవ్వాడు కూడా. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం తాత కాళ్ళు కడుక్కుంటుంటే చెప్పాను. చెంబు చేతిలోనే ఆగిపోయింది.

"నేను వాణ్ణి యాడ అడిగితిని?"

"టీకొట్టులో."

"ఎంతమంది ఉండిరి?"

"ఏడెనిమిది మంది."

"అయితే నువ్వూ ఆడనే చెప్పు. నేనూ నిలబడతా."

మరుసటి పొద్దున తాతే పోయి ఆయన్ని పిలుచుకొచ్చి బల్ల మధ్యలో కూర్చోబెట్టాడు. తాను కూర్చోలేదు. టీ కాచే ఆయన స్టవ్ తగ్గించాడు. నేను ఎప్పుడూ మాటలకు తడుముకున్నదాన్ని కాదు. ఆ రోజు తల దించుకుని, కాలి వేలిని చూస్తూ, మేకలాయన ఎవరికీ చెప్పలేదనీ, చెప్పింది నేననీ, ఒక్క గుక్కలో అన్నాను.

బల్ల చివర ఎవరో చెవి మీద చెయ్యి పెట్టుకున్నారు. "ఏందమ్మా? వినబడలే. గట్టిగా చెప్పు."

తాత వైపు చూశాను. తాత నేల చూస్తున్నాడు. తల ఎత్తి మళ్ళీ మొదటినుంచీ చెప్పాను.