యాభై మందిలో సోమలింగం మామ

ఎదుటి మనిషి తనకు ఏమవుతాడో తేలేదాకా సోమలింగం మామకు మంచినీళ్లు కూడా గొంతు దిగేవి కావు. మనలాంటివాళ్లం పేరు అడుగుతాం, ఊరు అడుగుతాం, అక్కడితో వదిలేస్తాం. ఆయన ఇంటిపేరు అడిగి, అమ్మమ్మగారి ఊరు అడిగి, ఆ ఊళ్లో ఎవరి ఇంటి పక్కన ఎవరుంటారో అడిగి, చివరికి మనల్ని బావనో బాబాయినో చేసుకుని గానీ ఊపిరి పీల్చుకునేవాడు కాదు. కులం, భాష, రాష్ట్రం ఏదీ ఆయనకు అడ్డు కాదు.

నేను కాకినాడ నుంచి సూరత్ పక్కనున్న హజీరాలో ఇంజనీరు ఉద్యోగానికి వెళ్లిన కొత్తలో, అమ్మకు చీరలు కొందామని ఒక ఆదివారం సూరత్ రింగ్ రోడ్డు మార్కెట్‌కి వెళ్లాను. వచ్చీరాని హిందీలో బేరమాడుతుంటే, దుకాణం వెనకాల చీరలు మడత పెట్టించే మేస్త్రీ ఒకాయన తల పైకెత్తాడు. బట్టతల, చెవుల మీద వెంట్రుకలు, మెడలో టేపు.

"తెలుగోళ్లా? ఏ ఊరు?"

"కాకినాడండీ."

"కాకినాడనా!" అని ఆయన కళ్లు మూసుకున్నాడు. ఏదో పూనకం వస్తోందేమో అనుకున్నాను. కాసేపటికి కళ్లు తెరిచి, "మా బిక్షపతి బావ కొడుకు మీ కాకినాడల లారీ నడిపిండు. గా లారీ ఓనర్ ఇల్లు యాడ?"

"నాకెలా తెలుస్తుందండీ?"

"రేవు దిక్కు. మీ ఇల్లు?"

"మాదీ అటువైపే."

"ఇంకేంది మరి! బావ కొడుకు నాకు అల్లుడు. అల్లుడు ఉప్పు తిన్న ఇంటి పక్కింటి పిలగానివి. అంటే నువ్వు గూడ నాకు అల్లునివే. ఏయ్ సేఠ్, మా అల్లునికి చీర తియ్యి, మంచిది తియ్యి!"

అలా నేను, నిరంజన్ అనబడే కాకినాడవాణ్ణి, జగిత్యాల దగ్గరి పల్లెటూరి సోమలింగానికి అల్లుణ్ణయ్యాను. నవ్వుకుని మరిచిపోయాను. మరుసటి ఆదివారం ఆయన రెండు బస్సులు మారి, మా కంపెనీ క్వార్టర్స్ గేటు దగ్గరికి టిఫిన్ క్యారియర్‌తో దిగాడు. సెక్యూరిటీవాడు ఆపితే వాడికి కూడా వరస కలిపాడు. నేను కిందికి వచ్చేసరికి వాడు సగం జొన్నరొట్టె తిని, "ఆప్కే మామాజీ బహుత్ అచ్ఛే ఆద్మీ హైఁ" అని మెచ్చుకుంటున్నాడు.

ఆయన శాస్త్రంలో అన్నిటికన్నా పెద్ద ఆధారం ముక్కు. "ఇంటిపేరు దాస్తరేమో గని ముక్కు యాడ దాస్తర్రా?" అనేవాడు. ముక్కు చూసి ఇది ఫలానా ఊరి ముక్కు అని తేల్చేసేవాడు. ఒకసారి సూరత్ పక్కనున్న కిమ్ అనే ఊరికి వెళ్లే బస్సులో ఒకాయన ముక్కు చూసి, "నువ్వు మా మేనత్త దిక్కోనివి" అన్నాడు. ఆయన ఒరిస్సా మనిషి. అయినా దిగేటప్పుడు ఇద్దరూ కౌగిలించుకున్నారు.

అలాంటి మనిషి మీదికి కరోనా వచ్చి పడింది. ఊరంతా మాస్కులు. ఒక్క ముక్కూ కనపడదు. సోమలింగం మామ చిక్కిపోయాడు. కూరగాయల బండి దగ్గర "జర మాస్కు దించుండ్రి, ఒక్కపారి జూసి ఎత్తేస్త" అని అడిగి తన్నులు తినబోయాడు. ఫోన్‌లో నాతో గోడు వెళ్లబోసుకునేవాడు.

"అల్లుడా, మనోళ్లెవరో పరాయోళ్లెవరో తెలుస్తలేదు. అందర్నీ ఒక్కటే తీర్గ మూతికట్టు కట్టిన్రు."

"ప్రాణాలు ముఖ్యం కదా మావయ్యా."

"గది నిజమే. గని వరస తెల్వని మనిషితోని ఏం ముచ్చట పెడ్తం చెప్పు?"

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ గది దాటకుండా గడిచిన ఆ నెలల్లో రోజూ సాయంత్రం మోగే ఆ ఫోన్ కోసం నేను ఎదురు చూసేవాణ్ణి.

శ్రావణమాసంలో ఆయన జీవితంలోకెల్లా పెద్ద గౌరవం దక్కింది. హైదరాబాదులో బక్కయ్య అనే ఆయన కూతురు హిమశ్రీకి పెళ్లి కుదిరింది. ఈ బక్కయ్య ఎవరయ్యా అంటే, ఒకప్పుడు రైల్లో ఎదురు సీట్లో కూర్చున్న పాపానికి సోమలింగం మామకు బామ్మర్ది అయినవాడు. ఆ రోజుల్లో పెళ్లికి యాభై మందిని మించి పిలవకూడదు. బక్కయ్య సొంత అన్నదమ్ముల్లోనే ఇద్దర్ని తీసేసి, సోమలింగం మామను ఉంచుకున్నాడు.

"యాభై మందిల నేనొకణ్ణి అల్లుడా!" అని ఆయన సూరత్ అంతా చాటాడు. కనపడిన ప్రతివాడికీ చెప్పాడు. "మందల పిలుసుడు వేరు, ఏరి పిలుసుడు వేరు" అన్నాడు. పెళ్లికూతురి కోసం మార్కెట్టంతా గాలించి పచ్చంచు చీర ఒకటి తీశాడు. రైళ్లు సరిగా లేవు కాబట్టి విమానం టికెట్టు కొన్నాడు. నాకూ ఆఫీసు పని పడి అదే విమానంలో, ఆయన పక్క సీటులో పడ్డాను. ఆయనది మధ్య సీటు. ఆ రోజుల్లో మధ్య సీటువాళ్లకు పైన తెల్ల గౌను తొడిగేవారు. దానికి తోడు మాస్కు, ముఖానికి ప్లాస్టిక్ అద్దం.

"పెండ్లిపిల్లకంటె ముందుగాల నాకే ముసుగేసిన్రు" అని గౌను సర్దుకుని, చీర సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు.

తలుపులు మూశారు. విమానం మెల్లగా కదిలింది, రన్‌వే చివరిదాకా వెళ్లింది, అక్కడ ఆగిపోయింది. వాన. అలాంటిలాంటి వాన కాదు, సూరత్ శ్రావణం వాన. కిటికీ అవతల రెక్క కూడా కనపడలేదు. కాసేపట్లో బయలుదేరతామని కెప్టెన్ చెప్పాడు. ఆ కాసేపు సాగి సాగి మధ్యాహ్నమంతా తినేసింది. ఏసీ నీరసించింది. గౌనుల్లో, అద్దాల్లో జనం ఉడికిపోయారు. ఒకడు అరుస్తున్నాడు, ఒకడు వీడియో తీస్తున్నాడు, ఒకావిడ దేవుణ్ణీ విమానం కంపెనీనీ కలిపి తిడుతోంది.

సోమలింగం మామ లేచాడు.

"కూర్చోండి మావయ్యా!"

"ఉత్తగ ఎంతసేపు కూసుంటం అల్లుడా. గింతమంది మనోళ్లుండంగ!"

ముందు సీట్లో సూరత్ పక్క కామ్‌రేజ్ ఊరి వజ్రాల వ్యాపారి ఒకాయన చిర్రుబుర్రులాడుతున్నాడు. మామ ఆయన మీదికి వంగి, తన హిందీలో నాలుగు ముక్కలు అడిగి, ఆ సేఠ్ కారు నడిపేది కోరుట్ల వజ్రమ్మ కొడుకని తేల్చాడు. వజ్రమ్మ మామకు చిన్నమ్మ వరస. "తమ్ముడు ఎవరి బండి నడుపుతడో ఆయన నాకు పెద్దన్న" అని సేఠ్ కాళ్ల వైపు వంగి దండం పెట్టాడు. సేఠ్ కోపం మరిచిపోయి, సంచీలోంచి ఖాఖ్రా పొట్లం, అదే కరకరలాడే గుజరాతీ రొట్టెల పొట్లం, తీసి ఇచ్చాడు.

ఎయిర్ హోస్టెస్ పరుగున వచ్చింది. "సర్, ప్లీజ్ బైఠ్ జాయియే."

"బిడ్డా, నీది ఏ ఊరు?"

"బార్డోలీ. సర్, ప్లీజ్..."

"బార్డోలీనా! మా బిక్షపతి బావ బిడ్డను గాడికే ఇచ్చినం. నా కోడలి ఊరి పిల్లవు, నువ్వు గూడ నాకు కోడలివే. ముందట బండి నడిపేటాయనది ఏ ఊరో జర అడిగి రా."

ఆ అమ్మాయికి తెలుగు రాకపోయినా సంగతి అర్థమై మాస్కులోనే నవ్వింది. కాసేపటికి నిజంగానే వచ్చి, కెప్టెన్‌ది నాగపూర్ అని చెప్పింది. నాగపూర్ కమలాల మీదుగా మామ ఆయన్ని తోడల్లుణ్ణి చేసుకున్నాడు. ఆగిన విమానం చూస్తుండగానే పెళ్లి విడిదిలా తయారైంది. ఖాఖ్రా, చక్కిలాలు ఈ వరస నుంచి ఆ వరసకు తిరిగాయి. అరిచేవాడు అరవడం మానేసి, తన అమ్మమ్మ ఊరు గుర్తు తెచ్చుకుంటున్నాడు.

మామకు లొంగనిది ఒక్కతే. నడవాకు అవతల కూర్చున్న పెద్దావిడ. పేరు కొమురవ్వ అని టికెట్ చూసేటప్పుడు విన్నాం. సూరత్‌లోనే లింబాయత్ పేటలో ఇంటి దగ్గర చీరల దారాలు కత్తిరించే పని చేసుకుంటుందని తర్వాత తెలిసింది. హిందీ అంతంత మాత్రం. మొదటిసారి విమానం ఎక్కి, సంచీని రెండు చేతులా గుండెకు హత్తుకుని బిగుసుకుపోయి ఉంది.

"అమ్మా, ఇంటిపేరేంది?"

"నా ఇంటిపేరు నీకెందుకు?"

"ఊకెనే. వరస తెలుస్తదని."

"వరస తెలిస్తె ఇమానం లేస్తదా? సప్పుడు జెయ్యక కూసో."

మామ కూర్చున్నాడు. అంతటి ఓటమి ఆయనకు నేనెప్పుడూ చూడలేదు. "పుట్టినూరు గూడ చెప్పలే అల్లుడా" అని నా చెవిలో గొణిగాడు.

ఆ ఉక్కలో కొమురవ్వ తల ముందు సీటుకు ఆనించింది. హోస్టెస్ వచ్చి చూసి, నుదుటి దగ్గర జ్వరం చూసే యంత్రం పెట్టింది. ఎర్రలైటు వెలిగింది.

ఆ ఎర్రలైటు చూడగానే విడిది కాస్తా విడిపోయింది. ఆవిడ ముందూ వెనకా సీట్లు ఖాళీ. విమానం వెనక్కి మళ్లి టెర్మినల్ దగ్గర ఆగింది. తలుపు తెరిచి, నెత్తి నుంచి పాదాల దాకా కప్పుకున్న డాక్టరు ఒకాయన లోపలికొచ్చాడు. "ఇన్‌కే సాథ్ కౌన్ హై?" అన్నాడు. ఆమెతో వచ్చినవాళ్లెవరైనా ఉంటే వాళ్లు కూడా దిగాలి, పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆమెతో పాటే ఉండాలి అని హిందీలో వివరించాడు.

పెద్దన్న సేఠ్ కిటికీలోంచి వాన చూస్తున్నాడు.

"ఏమంటుండు? నన్ను యాడికి కొంటవోతరు?" అని కొమురవ్వ అందరి మొహాలూ చూసింది. మొహాలెక్కడున్నాయి, మాస్కులు తప్ప. అలా తీసుకెళ్లినవాళ్లు మళ్లీ తిరిగి రారని ఆ రోజుల్లో పుకారు. "ఒక్కదాన్నే నేను రాను. నాకు మాట రాదు. నేను రాను."

నా పక్కన తెల్ల గౌను లేచి నిలబడింది.

"మై హూఁ" అన్నాడు సోమలింగం మామ.

"ఆప్ కౌన్?"

"ఉన్‌కా భాయీ." ఆవిడకు తమ్ముణ్ణని!

నేను గౌను పట్టుకుని లాగాను. "మావయ్యా! రేపు పెళ్లి! యాభై మందిలో ఒకరు మీరు! దిగితే మళ్లీ ఎక్కనివ్వరు!"

ఆయన చీర సంచీ వైపు చూశాడు. ఒక్క క్షణం ఆ కళ్లు వాడిపోయాయి. తర్వాత సంచీ నా ఒళ్లో పెట్టాడు. "గిది పిల్లకియ్యి అల్లుడా. నా జాగ ఖాళీ ఉంటది, నువ్వు కూసో."

"ఆవిడ మీకేమవుతుందని వెళ్తున్నారు?"

"ఇంటిపేరు చెప్పలే గద. ఇంటిపేరు తెల్వని ఆడమనిషిని అక్క అనుడే మంచిది. రేపు ఏ వరస తేలినా తప్పుండదు."

"ఎవడ్రా నాకు తమ్ముడు?" అంది కొమురవ్వ, అంత భయంలోనూ.

"సప్పుడు జెయ్యకక్కా. లెక్కలు తర్వాత చూసుకుందం. దా."

ఆవిడ చెయ్యి పట్టుకుని దింపాడు. మెట్ల మీద వాన కొడుతుంటే, ఒంటి మీది గౌను విప్పి ఆవిడ నెత్తి మీద గొడుగులా పట్టాడు. డాక్టరు కేకలు వేస్తున్నా వినిపించుకోలేదు. అప్పటిదాకా నేను అనుకున్నదేమిటంటే, ఈయన జనం మీద హక్కు కోసం వరసలు కలుపుతాడని. హక్కు కోసం కాదు, బాధ్యత కోసం. ఒక మనిషికి ఏదైనా చెయ్యాలంటే ఈయనకు ఒక సాకు కావాలి, అంతే. సొంత చుట్టాలే చుట్టరికం చెప్పుకోవడానికి భయపడిన ఆ రోజుల్లో ఈయన లేని చుట్టరికం చెప్పుకుని దిగిపోయాడు. నాకు గర్వంగా అనిపించింది. ఆయన నాకు మావయ్య మరి.

సాయంత్రానికి వాన తగ్గి విమానం లేచింది. హైదరాబాదులో దిగేటప్పుడు సేఠ్ నా దగ్గరికొచ్చి, తలదించుకుని, మామ ఫోన్ నంబరు అడిగి తీసుకున్నాడు.

మర్నాడు చీర సంచీతో పెళ్లికి వెళ్లాను. గుమ్మంలో శానిటైజర్ సీసాతో నిలబడ్డ బక్కయ్య, "సోమలింగం బావ అల్లునివా? మరి నాకు కొడుకు వరసే, లోపలికి నడువు" అని నన్ను మామ కుర్చీలో కూర్చోబెట్టాడు. తలంబ్రాలు అయ్యాక హిమశ్రీ ఆ పచ్చంచు చీర భుజాన వేసుకుని, "మామకు ఫోన్ కలుపన్నా" అంది.

కలిపాను. బడిని ఆస్పత్రిగా మార్చిన చోటు. గోడ మీద ఎక్కాల పట్టిక, దాని ముందు సోమలింగం మామ. ఆవిడది ఉక్కపోతకు వచ్చిన జ్వరమేనని, ఇద్దరికీ కరోనా లేదని తర్వాత తేలింది గానీ, అప్పటికింకా ఏ సంగతీ తెలియదు. "బిడ్డా! మంచిగున్నవా! చీర నప్పింది!" అంటుండగానే ఆయన వెనకాల నుంచి ఒక చెయ్యి వచ్చి ఫోన్ లాక్కుంది.

"ముందుగాల నీ మాస్కు ముక్కు మీదికి గుంజుకో" అని ఆయన్ని కసిరి, కొమురవ్వ తెర నిండా కనపడింది. "సల్లగుండు బిడ్డా. నూరేండ్లు బతుకు. మా తమ్మునికి రాత్రి నుంచి ఒకటే రంది, నీ లగ్గం చూడకపోతినని."

హిమశ్రీ బిత్తరపోయింది. "మామా, గీమె ఎవరు?"

"మా అక్క" అన్నాడు మామ.

"నీకు అక్క లేదంటివి గద? ఎవరి దిక్కు నుంచి అక్క?"

మంటపంలో ఉన్నవాళ్లంతా ఫోన్ చుట్టూ మూగారు. మామ వరస చెప్పడం మొదలుపెడితే ఎంతసేపు పడుతుందో అందరికీ తెలుసు. బక్కయ్య అయితే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు కూడా.

"ఎవరి దిక్కేందే?" అన్నాడు సోమలింగం మామ చిరాగ్గా. "అక్కంటే అక్క."

అంతే. ఇంకో ముక్క లేదు. మేమంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే, ఫోన్‌లో వెనక నుంచి కొమురవ్వ కేక వినపడింది. "ముచ్చట్లు సాలు! బువ్వ సల్లారవట్టె, వచ్చి తింటవా తినవా?"

"వస్తున్నక్కా!" అని మామ మాకు చెప్పకుండానే ఫోన్ పెట్టేశాడు.