పొట్టు గదిలో ఒక పీట

రెండువేల నాలుగు. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో నేను పీలింగ్ సెక్షన్ సూపర్‌వైజర్ని. పీలింగ్ అంటే పప్పు మీది ఎర్ర పొట్టు తీయడం. అది ఆడవాళ్ల పని. జీడిపిక్కలు ఉడికించే బాయిలర్ మగవాళ్లది. ఈ గీత ఎవరు గీశారో తెలీదు గానీ, కాపలా మాత్రం నేనే కాసేదాన్ని.

సింహాచలం కంచిలి నుంచి బాయిలర్ పనికి వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయి. అప్పట్లో నేను ‘వచ్చాడు’ అనేదాన్ని. మగపిల్లాడిగా పుట్టినా తను ఆడపిల్లనని ఆమెకు తెలుసు, నాకే తెలీలేదు. ఒకరోజు నా దగ్గరికొచ్చి, “అక్కా, లోపల నాకో పీట ఎయ్యవా? ఆ బాయిలర్ కాడోలు నన్ను మనిసినాగ సూడట్నేదు” అంది. కూర్చోబెట్టాను. జాలిపడి కాదు, ఆ సీజన్లో చేతులు చాలక.

నాలుగు నెలల్లో ఆ పిల్ల మారిపోయింది. ట్రే నిండా హోల్సే, అంటే విరగని పప్పే. మధ్యాహ్నం మా సెక్షన్లో అందరికన్నా పెద్దావిడ రావణమ్మ తన గిన్నెలోంచి చేపల పులుసు వేసి, “తినవే గుంటా” అనేది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. ఆ ఒక్క మాటకి సింహాచలం ముఖం ఎంత వెలిగిపోయేదో!

ఒకనాడు ఓనరు, “బయట నవ్వుతున్నారు, ఆడ్ని పంపీ” అన్నాడు. ఇంట్లో అందరి మీదా లేచే నా నోరు అక్కడ లేవలేదు. “రేపట్నుంచి బాయిలర్ కాడికి పో” అని ఆమెకి చెప్పేశాను.

“తప్పేటి సేసినానక్కా?”

నేను ట్రేలు లెక్కపెడుతున్నట్టు నటించాను.

వారం రోజులు అన్నాల వేళ బాయిలర్ పక్కన గోడవైపు తిరిగి ఒక్కతే కూర్చుంది. క్యారేజీ విప్పేది కాదు. తర్వాత రావడమే మానేసింది. ఆ పీట మీద ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టబోతే రావణమ్మ అడ్డం పడింది. “ముందు ఆ గుంట బతికుందో నేదో సూసి రా. ఆనక ఎవుల్ని కూకోబెట్టుకుంటావో నీ ఇట్టం.”

ఆదివారం కంచిలి వెళ్లాను. తల్లి గుమ్మంలోనే ఏడ్చింది. “మా గుంటడు ఎవులితోటీ మాటాడడు, కూడు ముట్టడు. నాకు బయ్యమేత్తంది తల్లీ.” లోపల సింహాచలం ఇక్కడా గోడవైపే తిరిగి పడుకునుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

“నీ పీట అలాగే ఉందే. రా” అన్నాను.

మర్నాడు ఓనరుతో, ఆమె లేకపోతే నేనూ ఉండనన్నాను. తిట్టాడు, చివరికి ఒప్పుకున్నాడు. రావణమ్మ పీట తుడిచి వేసింది. అందరూ పిలుస్తున్నా సింహాచలం గుమ్మంలోనే ఆగి నా వైపు చూసింది. “అక్కా, కూకోనా?”

నాలుగు నెలలు ఎవర్నీ అడక్కుండా కూర్చున్న చోటది.

మళ్లీ తింది, నవ్వింది, రెండేళ్లు పనిచేసింది. పక్కన నలుగురుంటే మనిషి ఎలా తేరుకుంటుందో అక్కడే చూశాను. కానీ ఆ రెండేళ్లూ రోజూ పొద్దున్న గుమ్మంలో ఆగేది. ‘నీ చోటేనే’ అని ఎన్నిసార్లు చెప్పినా, నన్ను అడిగాకే కూర్చునేది.