మోత సున్నా

హెలికాప్టర్ మమ్మల్ని దింపి, రెక్కలు ఆగకుండానే వెళ్ళిపోయింది. అక్టోబరు నెల. ఎటు చూసినా మంచు. కొండ మీద మాది చిన్న సైనిక పోస్టు. పని ఒకటే: కింద సరుకుల డంపు నుంచి కిరోసిన్ క్యాన్లు పైకి మోయడం. కిరోసిన్ లేకపోతే మంచు కరగదు, తాగడానికి నీళ్ళుండవు.

నడిచేటప్పుడు అందరం ఒకే తాడుకు కట్టుకుంటాం. ముందు మనిషి వీపున విడి తాళ్ళు, గొడ్డలి మోస్తాడు తప్ప క్యాన్ మోయడు. రెండు చేతులతో ఇనుప కడ్డీ పట్టుకుని అడుగడుగునా మంచును పొడిచి చూస్తాడు. పైన గట్టిగా కనిపించే చోట కింద లోతైన పగుళ్ళుంటాయి. మా ముందు మనిషి హవల్దార్, కేసముద్రం వాడు. అతని అడుగులోనే మేం అడుగేసేవాళ్ళం.

చలికాలంలో కింద బేస్ క్యాంపుకు కొత్త ఆఫీసరు సాబు వచ్చాడు. హీటరు పక్కన కూర్చుని, ఒక్కో జవాను ఎంత పని చేస్తున్నాడో కొలుస్తానన్నాడు. కొలత అంటే క్యాన్లు. అబ్బ, ఏం తెలివి! తక్కువ మోస్తే సెలవు రద్దు. రోజూ సాయంత్రం రేడియోలో లెక్క అడిగేవాడు.

"హవల్దార్, మోత సున్నా. ఓవర్," అన్నాడు మా రేడియో మనిషి.

"సున్నాగాడికి సెలవెందుకు? రేపటి నుంచి వాడూ మోయాలి. ఓవర్."

హవల్దార్ పుట్టిన బిడ్డను ఇంకా చూడలేదు.

"అన్నా, వద్దే. కడ్డీ ఎట్ల పడ్తవ్?" అన్నాను.

"ఏం జేద్దాం తమ్మీ? బిడ్డ మొకం జూడాలె గదా. జర పైలంగ పోదాం."

ఒక చేత క్యాన్, ఇంకో చేత కడ్డీ. ఒంటి చేతి పోటు లోపలికి దిగలేదు, కింది పగులు తెలియలేదు. నా కళ్ళ ముందే మాయమయ్యాడు. తాడు నా నడుము విరిచేంతగా లాగింది. అందరం కలిసి పైకి తీశాం. ప్రాణం ఉంది. కాళ్ళు రెండూ నుజ్జయ్యాయి. తర్వాత బిడ్డను దవాఖాన మంచం మీద నుంచే చూశాడు.

అతను పడ్డ రోజు సాయంత్రం కూడా రేడియో మోగింది. సాబు మొదట అడిగిన మాట: "క్యాన్ దొరికిందా?"

దొరికిందన్నాం.

"అయితే హవల్దార్ పేరు మీద ఒకటి రాసుకోండి."

థూ! వాడి కొలతలో మన్నుబొయ్య!

సర్వీసు అయ్యాక వచ్చి హనుమకొండలో ఒక గోదాముకు సెక్యూరిటీగా చేరాను. ఇక్కడా అదే రోగం. మొన్న మేనేజరు, నిచ్చెన పట్టుకుని నిలబడ్డ హమాలీని చూపించి, "ఈయన ఒక్క పెట్టె దించలే. ఏం పని జేస్తాండు?" అన్నాడు.

"గట్లయితే మీరెక్కుండ్రి సార్. ఆయన్ను పక్కకు జరగమంట," అన్నాను.

ఎక్కలేదు.

కళ్ళు మూస్తే ఇప్పటికీ ఆ క్యానే కనిపిస్తుంది. మనిషి పడ్డ గుంత అంచున, చుక్క ఒలకకుండా, నిటారుగా నిలబడి ఉంది.