శామీర్‌పేటలో పెట్టని సంతకం

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళేవారికి ముందే చెబుతున్నాను: బస్సు కోసం చూడకండి, షేర్ ఆటో ఎక్కండి. తొందర పని ఉంటే అదీ ఎక్కకండి. 2003లో నేను ఎక్కాను.

అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. పదకొండేళ్ళుగా టెన్నిస్ ఆడుతూ దేశమంతా రైళ్ళలో తిరిగాను గాని, ప్రపంచ ర్యాంకింగులో పేరు ఎక్కడానికి కావలసిన ఒక్క పాయింటు దక్కలేదు. శామీర్‌పేట క్లబ్బులో జరిగే అంతర్జాతీయ పోటీలోనూ రాకపోతే ఆట మానేసి, ప్లాట్లు అమ్మే నాయిన ఆఫీసులో కూర్చుంటానని మాటిచ్చాను.

ముందురోజు, అసలు పోటీలో చోటు కోసం ఆడే క్వాలిఫయింగ్‌లో చివరి మ్యాచ్ ఓడిపోయాను. ఇంకొక్క దారి మిగిలింది. ఓడినవాళ్ళు మర్నాడు తొమ్మిదిన్నరలోగా స్వయంగా వచ్చి రిఫరీ దగ్గర సంతకం పెడితే, అసలు పోటీలో ఎవరైనా తప్పుకున్నప్పుడు ఆ చోటు ఇస్తారు. అక్కడ ఒక్క మ్యాచ్ గెలిస్తే పాయింటు వచ్చినట్టే. చివరి మ్యాచ్ దాకా వచ్చినవాళ్ళకు ముందు పిలుపు. నాలాంటి మిగతావాళ్ళు అప్పటికే రైలెక్కేశారు.

ఉదయం ఎనిమిదీ ఇరవైకి మేడ్చల్ చౌరస్తాలో ఆటో ఎక్కాను. ముగ్గురమే ఉన్నాం.

"ఎనిమిది మంది అయితేనే కదుల్త సారూ. జల్దుంటే మొత్తం ఆటో మాట్లాడుకోన్రి" అన్నాడు డ్రైవర్.

నాకేం జల్దీ? ఊరూరా అలాంటి కాగితాల మీద సంతకాలు పెట్టాను, ఒక్కనాడూ పిలవలేదు. పరాయి ఊరైతే లాడ్జిలో తోచక ఏడింటికే కోర్టు దగ్గర ఉండేవాణ్ణి. సొంతూరు కాబట్టి ఇంట్లో నింపాదిగా టీ తాగి వచ్చాను. తొమ్మిదీ పదికి ఆటో కదిలింది.

ఖాళీ చేపల బుట్టతో పక్కన కూర్చున్న అవ్వ నా సంచి తడిమింది. "గిదేంది బిడ్డా?"

"టెన్నిస్ బ్యాట్లు అవ్వా."

"ఆడితే ఏమొస్తది?"

"పాయింటొస్తది."

"గది తింటరా?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

క్లబ్బు చేరేసరికి తొమ్మిదీ నలభై. రిఫరీ కాగితం మడిచేశాడు. బతిమాలాను, గడియారం చూపించాడు. పదింటికి ఒక ఆటగాడు కడుపునొప్పితో తప్పుకున్నాడు. ఆ చోటు విజయవాడ శ్రీధర్‌కు వెళ్ళింది. రెండు రోజుల కిందట నా చేతిలో చిత్తుగా ఓడినవాడు. రెండో సెట్లో అతని ప్రత్యర్థికి చీలమండ బెణికింది, మ్యాచ్ వదిలేశాడు. పాయింటు శ్రీధర్‌ది. నా మీద నాకే అసహ్యం వేసింది.

క్యాంటీన్లో నూనె ఓడే పూరీలు తింటుంటే శ్రీధర్ వచ్చి చేయి పట్టుకున్నాడు. "అన్నా, నాకిదే మొదటి పాయింటు! మీరు సంతకానికి రాకపోవడం నా అదృష్టమండీ." ఏ దురుద్దేశమూ లేకుండా అన్నాడు. చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

రెండింటికి తిరుగు ఆటో దొరికింది. దారి బాగుంటుంది, కుడి ఎడమల పొలాల్లో ప్లాట్ల రాళ్ళు పాతుతున్నారు. మూడు కావస్తుండగా మేడ్చల్‌లో దిగాను. చౌరస్తాలో నాయిన స్కూటర్ ఆపుకుని ఉన్నాడు.

"ఏమాయెరా?"

"అయిపోయింది నాయినా. రేపట్నుంచి నీతోని ఆఫీసుకొస్త."

పదకొండేళ్ళలో ఏ గెలుపు కబురు చెప్పినా ఆయన ముఖంలో చూడని సంతోషం అప్పుడు చూశాను.