ఎక్కుడు దారి కొలత

సాటివాడి మెప్పు చెవిన పడితే నికనోర్ మమానీకి ఆ పూట బంగాళాదుంప కూడా గొంతు దిగదు. ఇరవై రెండేళ్లు కొండదారులన్నీ కాళ్లతో కొలిచి పటాలు గీసినవాడు. విప్లవం గెలిచిన మరుసటి ఏడు, దేశం మొత్తానికీ ఒకే ప్రణాళిక రాయాలని రాజధాని లాపాజ్‌లో కచేరీ తెరిచారు. అందులో దారుల లెక్కలు చూసే కిటికీ పక్క బల్ల తనదేననుకున్నాడు. పరాయి దేశం వెళ్లి సాంటియాగోలో ఆర్నెల్లు చదివొచ్చిన ఎవరిస్తో లాన్సాకి ఇచ్చారు.

"ఈ పటం మీరే గీశారా నికనోర్ గారూ? కళ్లకద్దుకోవాలండీ," అనేవాడు లాన్సా. ఆ మంచితనానికే ఒళ్లు మండేది. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకునేవాడు.

కొత్త రోడ్డుకి పదిహేను కిలోమీటర్లలోపు ఊళ్లకే కొమ్మదారి అని ప్రణాళికలో రాసుకున్నారు. ఊరివాళ్లు కిలోమీటర్లు చెప్పరు. బుగ్గన పెట్టిన కోకా ఆకు పస తగ్గేలోపు నడిచేది ఒక కొకాదా. చదునులో అది మూడు కిలోమీటర్లు, ఎక్కుడు దారిలో రెండే. లాన్సా అన్నిటికీ మూడే వేశాడు. ఆరు కొకాదాల ఎత్తునున్న పుకారపాటాకి పన్నెండు రావాల్సింది, పద్దెనిమిది వచ్చింది. పేరు కొట్టేశారు. అది నికనోర్ చెల్లెలు హిలారియా మెట్టినూరు.

నికనోర్ ఆ తప్పు చూశాడు. చూసి నోరు కుట్టేసుకున్నాడు. ప్రణాళిక అచ్చయ్యాక వీడి పరువు బజారున పడాలి, అప్పుడు చూద్దాం అనుకున్నాడు.

మూడు వారాలకి హిలారియా కొండ దిగి వచ్చింది.

"అన్నా, కోడలికి నెలలు నిండుతున్నాయి. మా పెద్దమ్మాయిని కాన్పు నొప్పులతో దుప్పట్లో మోసుకొస్తుంటే దారిలోనే పోయింది కదా. రోడ్డు మా దాకా వస్తుందా?"

"చూద్దాంలేవే."

"నువ్వుండగా మాకేం భయం!" అని నవ్వింది.

మర్నాడు నికనోర్ వెళ్లి లాన్సా బల్ల దగ్గర నిలబడి, "ఎక్కుడు దారికి రెండేనయ్యా," అన్నాడు. లాన్సా లెక్క మళ్లీ వేసి చూసుకున్నాడు. ఎప్పుడు చూశారని అడగలేదు. కాగితం పట్టుకుని తిన్నగా కచేరీ పెద్దాయన గదిలోకి వెళ్లాడు.

"తప్పు నాదండీ. పట్టుకున్నది నికనోర్ గారు."

పెద్దాయన లేచి అతని భుజం తట్టాడు. "తప్పు ఒప్పుకునే దమ్మున్నవాడు ఈ కచేరీలో నువ్వొక్కడివే కనిపించావయ్యా!"

పుకారపాటా పేరు మళ్లీ ఎక్కింది. గుమ్మంలో నిలబడ్డ నికనోర్‌కి చెల్లెలు గుర్తు రాలేదు. ముందు కడుపు మండింది. వాడి తప్పుకి కూడా మెప్పే వచ్చిందని ఏడ్చుకుంటూ తన బల్ల దగ్గరికి వెళ్లాడు. ఆ తప్పు చూసి మూడు వారాలు దాచిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.